హాలోవీన్ అడవిదారి: పగటిపూట వెళ్తే ఏమి చూడాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

తరువాత చదివేవారికి కూడా తెలియాలి కనుక మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు ఉండేది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం మధ్య ప్రాంతంలో. అక్టోబరు 31న వచ్చే దయ్యాల వేషాల పండుగ హాలోవీన్ కోసం మీ ఊరి పార్కులో అడవిలోని కాలిబాటను నెలంతా భయపెట్టే బొమ్మలతో అలంకరించారు. పగటికి ఒక టికెట్టు, వేషాలు వేసినవారు దూకి భయపెట్టే రాత్రికి ఒక టికెట్టు. మీ అయిదేళ్ళ పాప దుకాణంలో అస్థిపంజరం కనిపిస్తేనే మీ వెనక దాక్కుంటుంది. అందుకని పగలు తీసుకెళ్దామని మీరు అంటే, "వెలుతురులో తాళ్ళూ తీగలూ కనిపిస్తాయి, డబ్బు దండగ" అని మీవారు అంటున్నారు. ఇండియా నుంచి వచ్చిన మీ అత్తగారు పసిపిల్లను దయ్యాల బొమ్మల మధ్యకు తీసుకెళ్ళడమే అశుభం అంటున్నారు. పగలు వెళ్ళాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

నేను ఇదే రాష్ట్రంలో చాలా ఏళ్ళుగా ఇలాంటి దారిని అలంకరించే వాలంటీర్లలో ఒకడిని. బొమ్మలు కట్టడం, నెలాఖరున దించడం, పగటిపూట వచ్చిన కుటుంబాలను తిప్పి చూపించడం నా పని. తప్పకుండా వెళ్ళండి. పగటి దారిని చాలామంది రాత్రి దారికి చవక రకం అనుకుంటారు. అందులో చూడాల్సింది పూర్తిగా వేరు.

తాళ్ళూ తీగలూ కనిపిస్తాయన్న మీవారి మాట నిజమే. వాటినే చూడమంటున్నాను. అడవిలో బొమ్మను నిలబెట్టడం ఇంటి ముందు నిలబెట్టినంత సులువు కాదు. చెట్టుకు మేకు కొట్టకూడదు. గాలివానలకు తట్టుకోవాలి. రోజూ రాలే ఆకులు సగం బొమ్మను కప్పేస్తుంటాయి. అందుకే ప్రతి బొమ్మ వెనకా ఎవరో బుర్ర పెట్టి ఆలోచించిన ఉపాయం ఉంటుంది. చెట్ల మధ్య తేలుతున్నట్టు ఉండే తెల్లని ఆడదయ్యం దాదాపు ప్రతి దారిలోనూ కనిపిస్తుంది. దాని దగ్గరికి వెళ్ళి చూడండి. కోళ్ళ గూళ్ళకు బిగించే ఇనుప జాలిని బట్టల దుకాణాల్లో ఉండే నిలువెత్తు బొమ్మ మీద అదిమి భుజాలూ నడుమూ తెస్తారు. దాని మీద పల్చని గాజుగుడ్డను గంజిలో ముంచి కప్పుతారు. గంజి ఆరేసరికి మడతలు బిగుసుకుని, లోపల మనిషి లేకపోయినా ఉన్నట్టే నిలుస్తుంది. వానకు గంజి కరిగిపోకుండా పైన వార్నిష్ కొడతారు. ఇక వేలాడదీయడానికి చేపల గాలానికి వాడే సన్నని దారం. ఒక్క దారంతో కడితే బొమ్మ గిరగిరా తిరిగిపోతుంది. రెండు కొమ్మలకు రెండు దారాలు కడితే తిరగదు, గాలికి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అప్పుడు మనవైపు నడిచి వస్తున్నట్టు ఉంటుంది. రాత్రి వచ్చినవారు దాన్ని రెండు క్షణాలు చూసి పరుగెత్తుతారు. ఆ రెండో దారాన్ని చూసేది పగలు వచ్చినవారే.

తల తిప్పి మనల్నే చూస్తున్నట్టు అనిపించే ముఖాలు మీ దారిలో ఉంటే వాటి దగ్గర కాసేపు ఆగండి. చాలావాటిలో మోటారు ఏమీ ఉండదు. అది లోపలికి గుంటగా ఉన్న ముఖం, అంటే ముసుగును వెనకవైపు నుంచి చూస్తున్నట్టు. ముఖం అంటే ముక్కు ముందుకు పొడుచుకు వచ్చి ఉండాలని మన మెదడు ఎంత గట్టిగా నమ్ముతుందంటే, గుంటను కూడా ఉబ్బెత్తుగానే చూపిస్తుంది. ఆ పొరపాటు వల్ల మనం పక్కకు జరిగితే ముఖం కూడా మన వెంట తిరిగినట్టు కనిపిస్తుంది. పాపను ఎత్తుకుని కాస్త దూరంలో నిలబడి, ఒక కన్ను మూసుకోమని చెప్పి మీరు అటూ ఇటూ జరగండి. తరువాత దగ్గరికి తీసుకెళ్ళి గుంటలో వేలు పెట్టనివ్వండి. ఆ ఒక్క బొమ్మ దగ్గరే అరగంట గడిపిన పిల్లలను చూశాను.

దారి మలుపులను కూడా గమనించమని మీవారికి చెప్పండి. ఆయనకు నచ్చే భాగం ఇదే అవుతుందని నా ఊహ. ఒక దృశ్యం దగ్గర నిలబడితే తరువాతి దృశ్యం కనిపించకూడదు, అందుకే మలుపు మలుపుకూ ఒకటి పెడతారు. కుడివైపున ధగధగా వెలిగే పెద్ద బొమ్మ ఉందంటే, రాత్రి మనిషి బయటికి దూకేది ఎడమవైపు నుంచి. నల్ల ప్లాస్టిక్ పట్టా వెనక అతను నిలబడే చోటు పగలు స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఆకులు నలిగి మట్టి గట్టిపడి ఉంటుంది. ఇంకొకటి, భయపెట్టే మనిషి ఎప్పుడూ జనం ముందుకు పరుగెత్తేలా వెనకనుంచో పక్కనుంచో వస్తాడు. ఎదురుగా వస్తే అందరూ వెనక్కి తిరిగి, వెనక వస్తున్న గుంపు మీద పడతారు. నాటకం వేసేవారికి రంగస్థలం ఎంత ముఖ్యమో ఈ పని చేసేవారికి దారి అంత ముఖ్యం.

పన్నెండు అడుగుల అస్థిపంజరం కూడా మీ దారిలో ఉండే ఉంటుంది. ఇంటి సామాన్లు అమ్మే హోమ్ డిపో దుకాణాలవారు 2020లో దాన్ని 299 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పటి నుంచి అది లేని ఊరు లేదు. ఇంటి ముందు గడ్డిలో నిలబెడితే పైకప్పును తాకుతున్నట్టు ఉంటుంది. అడవిలో వంద అడుగుల ట్యూలిప్ చెట్టు కింద నిలబెడితే పాపం చిన్నపిల్లవాడిలా ఉంటుంది. భయపడే పిల్లలకు దాన్ని మొదట అక్కడ చూపించడం మంచిది.

అస్థిపంజరాల దగ్గర పాపతో ఒక ఆట ఆడండి. తయారుచేసినవారి తప్పులు పట్టుకోవడమే ఆట. కుక్క అస్థిపంజరానికి చెవులు నిలబడి ఉంటాయి. నిజానికి చెవిలో ఎముక ఉండదు, మృదులాస్థి మాత్రమే. పాపను తన చెవి వంచి చూసుకోమనండి. సాలెపురుగుకు వెన్నెముకా పక్కటెముకలూ పెట్టి అమ్ముతారు. సాలెపురుగు ఒంట్లో ఒక్క ఎముకా లేదు, దాని గట్టిదనమంతా పైపెంకులోనే. గబ్బిలం మాత్రం ఒక్కోసారి సరిగ్గానే చేస్తారు. దాని రెక్కలో పొడవాటి పుల్లల్లా ఉండేవి చేతివేళ్ళ ఎముకలే. భయపెట్టే వస్తువులో తప్పు పట్టుకున్న పిల్లకు ఆ వస్తువు మీద అధికారం వస్తుంది. "అది ఉత్తిదే, భయపడకు" అని వందసార్లు చెప్పినా రాని ధైర్యం అది. ఈ వయసులో ఊహకూ నిజానికీ మధ్య గీత ఇంకా పలుచనగానే ఉంటుంది. పెద్దల మాటతో అది గట్టిపడదు, తన చేత్తో ముట్టుకుంటే గట్టిపడుతుంది. అయితే ముట్టుకోమని బలవంతపెట్టకండి. పాప దూరం నుంచే చూస్తానంటే దూరం నుంచే చూడనివ్వండి. ముందు మీరు ముట్టుకుని, ఎలా ఉందో చెప్పండి. చల్లగా ఉందనో, గరుకుగా ఉందనో, ప్లాస్టిక్ వాసన వస్తోందనో చెబితే చాలు.

సమాధి రాళ్ళను కూడా చదువుతూ వెళ్ళండి. అవి థర్మోకోల్ పలకల మీద బూడిదరంగు వేసినవి. ఎక్కువగా హాస్యపు పేర్లే ఉంటాయి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ అక్టోబరులో పగటిపూటే జరిపే వేడుకలో మాత్రం అంతరించిపోయిన జంతువుల పేర్లతో రాళ్ళు పెడతారు. నాకు ఆ ఆలోచన ఎంతో నచ్చి మా దారిలోనూ కొన్ని పెట్టించాను. ప్యాసింజర్ పావురానికి ఒకటి పెట్టాం. ఒకప్పుడు ఈ ఖండపు ఆకాశాన్ని కమ్మేసేంతగా ఎగిరిన ఆ జాతిలో చివరి పక్షి, పేరు మార్తా, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటీ జూలో చనిపోయింది. ఆ రాయి దగ్గర పెద్దవాళ్ళే ఎక్కువసేపు నిలబడతారు.

ఇక అసలు అడవి సంగతి. హాలోవీన్‌కు కావలసిన వేషాలన్నీ ఈ అడవి తానే వేసుకుంటుంది. అలంకరణ మధ్య దాన్ని చాలామంది గమనించరు. విచ్ హేజెల్ అనే పొద ఒకటి ఉంది. అన్ని చెట్లూ ఆకులు రాల్చుకుంటున్న అక్టోబరు, నవంబరులో అది పూస్తుంది. పువ్వుకు నాలుగే రేకులు. పసుపు కాగితాన్ని సన్నగా కత్తిరించి నలిపినట్టు ఉంటాయి. కింది నుంచి చూస్తే ఎండుటాకులేమో అనుకుని వెళ్ళిపోతాం, కొమ్మ వంచి చూస్తేనే పువ్వని తెలుస్తుంది. అదే కొమ్మ మీద కిందటేడు పూసిన పూల కాయలు ఇప్పుడు పండి, పగిలి, నల్లని గింజలను ముప్పై అడుగుల దూరం వరకు చిమ్ముతాయి. ఎండగా ఉన్న మధ్యాహ్నం నిశ్శబ్దంగా నిలబడితే ఆ చిటపట వినిపిస్తుంది.

అలంకరణలోని దూది సాలెగూడు చూశాక, పక్కనే నిజమైన గూడు కోసం వెతకండి. ఉదయం మంచు ఆరకముందు వెళ్తే సులువుగా కనబడుతుంది. ఈ రోజుల్లో మార్బుల్డ్ ఆర్బ్‌వీవర్ అనే సాలెపురుగు పెద్దదై ఉంటుంది. నారింజ రంగులో గుండ్రటి పొట్ట, గుమ్మడికాయను చిన్నది చేసినట్టే. పగలు అది గూటి మధ్యలో కూర్చోదు. పక్కనున్న ఆకును మడిచి అందులో దాక్కుని, గూటి నుంచి వచ్చే ఒక దారం మీద కాలు వేసి ఉంచుతుంది. పురుగు పడితే దారం అదురుతుంది, అది పరుగెత్తి వస్తుంది. మనుషులకు దానివల్ల హాని లేదు. అయినా ముట్టుకోనక్కర్లేదు.

మొద్దుల మొదట్లో చూడండి. నల్లగా, పొట్టిగా, నేలలోంచి వేళ్ళు పొడుచుకొచ్చినట్టు ఒక రకం పుట్టగొడుగు ఉంటుంది. దాన్ని ఇక్కడ 'చనిపోయినవాడి వేళ్ళు' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఓక్ చెట్ల మొదట్లో నారింజరంగు గుత్తులు కనిపిస్తే అవి జాక్-ఓ-లాంటర్న్ (ముఖం చెక్కిన హాలోవీన్ గుమ్మడికాయ దీపం) పేరుతో పిలిచే పుట్టగొడుగులు కావచ్చు. కటిక చీకట్లో వాటి అడుగు పొరలు సన్నగా ఆకుపచ్చని కాంతి ఇస్తాయి. అవి విషం. తింటే తీవ్రమైన వాంతులవుతాయి. తినే రకం ఒకటి దాదాపు ఇదే రంగులో ఉంటుంది కనుక అడవిలో దేన్నీ కోసి ఇంటికి తేవద్దని అత్తగారికి కూడా ముందే చెప్పండి.

ఆకుల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. ఎర్రని ఆకులు ఏరుకోవడం పిల్లలకు సరదా. అక్టోబరులో అందరికంటే ముందు, అందరికంటే అందంగా ఎర్రబడేవాటిలో పాయిజన్ ఐవీ ఒకటి. ఒక్కో కాడకు మూడు ఆకులు, నడిమి ఆకు కాడ కాస్త పొడవు. చెట్టెక్కిన పాత తీగకు వెంట్రుకలు మొలిచినట్టు ఉంటుంది. అదే చెట్టు మీద అయిదు ఆకుల తీగ ఎర్రగా ఉంటే అది వర్జీనియా క్రీపర్, వేరే మొక్క. పాయిజన్ ఐవీలో ఉండే ఉరుషియాల్ అనే జిగురు తగిలితే ఒకటి రెండు రోజుల్లో దురద, బొబ్బలు వస్తాయి. రాలిన ఆకులో, ఎండిన తీగలో కూడా ఆ జిగురు ఉంటుంది. ఈ మొక్కది మన మామిడి, జీడిమామిడి కుటుంబమే. చాకలివారు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి తగిలితే ఒళ్ళు పొక్కుతుందని మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. ఇదీ అలాంటిదే అంటే ఆవిడకు వెంటనే అర్థమవుతుంది, పాపకు కాపలా కూడా ఆవిడే కాస్తారు. తగిలిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సబ్బుతో కడగండి.

అంతకంటే పెద్ద జాగ్రత్త టిక్‌ల విషయంలో. మన పశువులకు పట్టే గోమార్ల జాతివే ఇవి. చలి మొదలైంది కదా, పురుగులు ఉండవనుకుంటారు. లైమ్ అనే బ్యాక్టీరియా వ్యాధిని మోసే నల్లకాళ్ళ టిక్‌లో పెద్దవి మళ్ళీ బయటికి వచ్చేది సరిగ్గా అక్టోబరు, నవంబరులోనే. నువ్వుగింజంత ఉంటుంది. న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్ అడవులన్నిటా ఉంది. ఆ వ్యాధికి పేరు వచ్చింది కూడా కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచే. కాలిబాట మధ్యలో నడవండి, అంచున ఉన్న గడ్డిలోకీ ఆకుల గుట్టల్లోకీ దిగవద్దు. ఫోటో కోసం పిల్లలను ఆకుల గుట్టలో కూర్చోబెట్టడం ఇక్కడ అందరూ చేసే పని. అడవి అంచున మాత్రం చేయకండి. లేతరంగు ప్యాంటు వేసి, దాని అంచును మేజోళ్ళలోకి దూర్చండి. ఇంటికి రాగానే బట్టలను డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు వేయండి. పాపకు స్నానం చేయిస్తూ మోకాళ్ళ వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టులో వెతకండి. పట్టుకుని ఉంటే సన్నని మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి పాత పద్ధతులు వద్దు. సాధారణంగా అది ఒంటిని పట్టుకుని ఒక రోజు దాటితేనే వ్యాధి అంటుకుంటుంది. అందుకే ఆ రాత్రే వెతకడం అంత ముఖ్యం. తరువాత నెల రోజుల్లోపు పెద్ద ఎర్రని మచ్చ పాకుతూ కనిపించినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించి, అడవికి వెళ్ళిన సంగతి చెప్పండి.

మిగతావి మామూలు జాగ్రత్తలే. ఆకుల కింద వేర్లు, కరెంటు తీగలు ఉంటాయి, చూసి అడుగు వేయాలి. నేల జీరాడే వేషాలు, కళ్ళు కప్పే ముసుగులు వద్దు. స్ట్రోలర్ వెళ్తుందో లేదో ముందే అడగండి. అక్టోబరు చివర ఇక్కడ సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, చెట్ల కింద ఇంకా ముందే మసక కమ్ముతుంది. కనుక మూడు గంటలకల్లా దారి మొదలుపెట్టండి. పగటి టికెట్టు ఉన్నా కొన్నిచోట్ల మధ్యాహ్నం తరువాత వేషగాళ్ళు వచ్చి సాధన చేస్తుంటారు. ఏ వేళలో ఎవరూ దూకి భయపెట్టరో టికెట్టు కొనేముందే కనుక్కోండి. కదలికను పసిగట్టి అరిచే బొమ్మలు పగలు కూడా పనిచేస్తాయా అన్నది కూడా అడగాలి. అయిదేళ్ళ పిల్లకు చూపుకంటే చప్పుడే ఎక్కువ భయం.

మీ అత్తగారి మాటను తోసిపుచ్చకండి. ఆవిడ అడిగేది సరైన ప్రశ్నే. పిల్లకు దయ్యాలను సరదాగా ఎందుకు చూపించాలి? జవాబు ఈ పండుగ కథలోనే ఉంది. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే వేళ సావిన్ అనే పండుగ జరిగేది. ఆ రాత్రి చనిపోయినవారి లోకానికీ మనకూ మధ్య తలుపు తెరుచుకుంటుందని నమ్మేవారు. తరువాత క్రైస్తవంలో నవంబరు 1 సకల పునీతుల దినం, 2 చనిపోయినవారిని తలుచుకునే రోజు అయ్యాయి, పునీతుల దినానికి ముందు రాత్రే హాలోవీన్. దుష్టశక్తులు గడప దాటకుండా టర్నిప్ దుంపను తొలిచి, భయంకరమైన ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవారు. అలాంటి దుంప ముఖం నమూనా ఒకటి ఐర్లాండ్ జాతీయ మ్యూజియంలో ఉంది. దాని ముందు ఇప్పటి గుమ్మడికాయ ముఖం ఎంతో సాధువుగా కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో కరువుకు తాళలేక వలస వచ్చిన ఐరిష్ వారు ఇక్కడ పెద్దదీ, తొలవడానికి సులువైనదీ అయిన గుమ్మడిని చూసి దానికి మారారు. కడుతున్న ఇంటి ముందు మనం కట్టే దిష్టిబొమ్మ చేసే పనే ఆ ముఖమూ చేసేది. ఇది విన్నాక కూడా ఆవిడకు మనసు ఒప్పకపోతే ఇంట్లో ఉండనివ్వండి. వస్తే మాత్రం గుమ్మడికాయల దగ్గర ఆవిడ చేతే పాపకు ఈ కథ చెప్పించండి.

అలంకరించేవారికి మీ తరఫున ఒక మాట చేరవేయమని అడుగుతున్నాను. సాగదీసే దూది సాలెగూళ్ళను చెట్లకు కడితే వాటిలో పిట్టలు, గబ్బిలాలు, చిన్న గుడ్లగూబలు చిక్కుకుంటాయి. వన్యప్రాణులకు చికిత్స చేసేవారు ఏటా ఇదే మొత్తుకుంటారు. మీ పార్కులో అవి కనిపిస్తే నిర్వాహకులకు మర్యాదగా చెప్పండి. మేము లావుపాటి తాడుతో, మధ్యలో చెయ్యి దూరేంత సందులతో గూళ్ళు అల్లుతాం, చూడటానికి ఇంకా బాగుంటాయి. అలాగే పండుగ అయ్యాక గుమ్మడికాయలను "జింకలు తింటాయిలే" అని అడవిలో పారేయకండి. అడవిలో సహజంగా దొరకని తిండి అలా కుప్పగా పడితే జంతువులకు అరగదు, కుళ్ళిన కుప్ప చుట్టూ ఎలుకలు చేరతాయి, రంగు పూసినవైతే విషమే. కొవ్వొత్తి మైనం తీసేసి ఎరువు కుప్పలో వేయండి. కొన్ని పొలాల వారు పశువుల కోసం తీసుకుంటారు, అడిగి చూడండి.

పగలు ధైర్యంగా తిరిగింది కదా, అదే వారం రాత్రి తీసుకెళ్ళొచ్చా అన్నది మీ చివరి ప్రశ్న. ఈ ఏడాది వద్దంటాను. పగటి దారి రాత్రికి సాధన కాదు. అలా వాడుకుంటే పగలు దొరికిన ధైర్యం కూడా పోతుంది. ఒకటి రెండేళ్ళ తరువాత పాప తానే అడిగితే, చీకటి పడుతుండగా మొదలయ్యే తొలి టికెట్టు తీసుకోండి, గుంపు మధ్యలో నడవండి, వెనక్కి వచ్చేయడానికి పక్కదారి ఎక్కడుందో ముందే తెలుసుకోండి. ఇప్పటికి ఆదివారం వదిలి, పని రోజున మధ్యాహ్నం వెళ్ళండి. జనం తక్కువగా ఉంటారు, వాలంటీర్లకు మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. ఆ బొమ్మను ఎవరు కట్టారని పాప చేత అడిగించండి. కట్టినవారు అక్కడే ఉంటే, దారం ఎక్కడ కట్టారో, మీట ఎక్కడ ఉందో దగ్గరుండి చూపిస్తారు.